గుంటల లెక్కన పల్లె అమ్మబడును

సారూ, బాలీ నుంచి ఎప్పుడు దిగారు? ముక్కు మీద తోలు లేచిన తీరు చూస్తేనే తెలుస్తోంది. ఎయిర్‌పోర్టులో ఐదు లక్షల ఇండోనేషియా రుపియాలు కట్టి వీసా ముద్ర వేయించుకున్నారు (గుండె పట్టుకోకండి, మన డబ్బులో మూడు వేలకు లోపే). మెట్లు మెట్లుగా దిగిన వరిమళ్ల ముందు ఉయ్యాలెక్కి ఫోటో దిగారు. వెదురు గుడిసెలో పడుకుని, బొండాం తాగి, బతుకంటే ఇదీ అని స్టేటస్ పెట్టారు. సోమవారం పొద్దున గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర నాలుగోసారి ఎర్రలైటు పడేసరికి మీకు జ్ఞానోదయమైంది. మనకూ ఒక పల్లె ఉండాలి. అందులో మనుషులు ఉండకపోయినా ఫర్వాలేదు. గేటు, వైఫై, వేపచెట్టు కింద నవారు మంచం ఉంటే చాలు. పల్లె కూడా మనలాగే శనివారం తెరుచుకుని ఆదివారం రాత్రికి మూసుకోవాలి.

అక్కడే ఒక ముక్క కొనుక్కుందామని అడిగే ఉంటారు. దొరకలేదు పాపం. ఇండోనేషియా వాళ్లు 1960లోనే భూచట్టం రాసుకున్నారు. సొంతహక్కు ఆ దేశ పౌరుడికే. పరాయివాడు ఎంత డబ్బు మూట తెచ్చినా లీజుకు తీసుకోవాలి, లేదా షరతుల మీద వాడుకోవాలి. పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో గడువు తీరిందంటే మళ్లీ బేరానికి కూర్చోవాలి. అలాగని అక్కడి పల్లెలు చల్లగా ఉన్నాయని కాదు. అక్కడి పరాయివాడు స్థానికుడి పేరు మీద కొని తన డబ్బును దాచుకుంటాడు. ఆ విద్యలో మనమేమీ తీసిపోలేదు, 1988లోనే బినామీ చట్టం చేసుకోవాల్సినంత ఆరితేరినవాళ్లం. యునెస్కో 2012లో నెత్తిన పెట్టుకున్న బాలీ నీటి సంఘాల మళ్ల పక్కనే ఈత కొలనుల విల్లాలు లేస్తున్నాయి. ఎంతైనా, చట్టం ఒక్క మాట మాత్రం అడుగుతుంది. నువ్వు ఈ ఊరివాడివేనా?

అంత దూరం ఎందుకు, తెలంగాణలో మా జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు అవతల కాలు పెడితే కర్ణాటక. 2020 దాకా అక్కడ సేద్యం చేయనివాడికి సాగుభూమి అమ్మకూడదు. ఆ ఏడు సవరణ తెచ్చి గేట్లెత్తారు. ఇంకాస్త ముందుకెళ్తే మహారాష్ట్ర. అక్కడ ఇప్పటికీ రైతునని కాగితం చూపాలి, లేదా కలెక్టరు గుమ్మమెక్కి అనుమతి తెచ్చుకోవాలి. ఇటువైపు మా జహీరాబాద్‌లో అలాంటి చాదస్తాలు లేవు. నాగలి పట్టినవాడివా అని ఎవరూ అడగరు. పాన్ కార్డు పట్టుకొస్తే చాలు. కందికీ పెసరకూ తేడా తెలియకపోయినా పట్టాదారు పాసుపుస్తకంలో మీ ఫోటో అచ్చవుతుంది.

కాబట్టి రండి. ముంబై హైవే మీద నాలుగు లేన్లు, కంకోల్ టోల్‌గేటు దగ్గర కాస్త తిట్టుకోవడం తప్ప ప్రయాణంలో కష్టమేమీ లేదు. సైట్ విజిట్‌కు కారు వెంచర్ వాళ్లే పంపుతారు. మధ్యాహ్నం బిర్యానీ కూడా వాళ్లదే. బ్రోచరు చూశారుగా. ‘నిమ్జ్‌కు పది నిమిషాలు. కల్మషం లేని ఎర్రనేల. ప్రకృతి ఒడిలో మీ సొంత ఫామ్.’ ఐదు గుంటలు కొంటే యాభై శ్రీగంధం మొక్కలు ఉచితం. పదిహేనేళ్లకు మొక్క మానై, మాను కోట్లయి, మీ పిల్లవాడి అమెరికా చదువు అయిపోతుంది. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు, గజానికి ఇంత అని ఏజెంటు క్యాలిక్యులేటర్ నొక్కుతుంటే మీకు చెమట పట్టదు, ఎందుకంటే కారులో ఏసీ ఉంది. వ్యవసాయేతర భూమిగా నాలా మార్పిడి అయిందా? లేఔట్ అనుమతి ఉందా? ఇల్లు కట్టనిస్తారా? అడక్కండి, మూడ్ పాడవుతుంది. ఇది ఇళ్ల స్థలం కాదు సార్, వ్యవసాయ భూమి అంటాడు. వ్యవసాయం ఎవరు చేస్తారంటే, ఇది వ్యవసాయం కాదు సార్, పెట్టుబడి అంటాడు. రెండు మాటలూ ఒకే ఊపిరిలో అంటాడు. మీరు రెండింటికీ తలూపుతారు.

ఇప్పుడు బ్రోచరు పక్కన ఇంకో కాగితం పెట్టి చూడండి. అదే మండలం, అదే మట్టి, మహా అయితే మధ్యలో ఒక వాగు. అది భూసేకరణ నోటీసు. 2011 నాటి జాతీయ తయారీ విధానం ప్రకారం నిమ్జ్ అనే జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కనీసం ఐదు వేల హెక్టార్లు ఉండాలి, అంటే సుమారు 12,355 ఎకరాలు. ఢిల్లీలో ఎవరో గీత గీశారు. ఆ గీతకు సరిపడా నేల కోసం వెతుక్కుంటూ వచ్చి న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పదిహేడు ఊళ్ల మీద పటం పరిచారు. లెక్క 12,635 ఎకరాలు. గీత దాటింది, పైన 280 ఎకరాలు కొసరు కూడా వచ్చింది. మిర్చిబజ్జీల బండి దగ్గర తప్ప నేను మరెక్కడా ఇంత సునాయాసంగా కొసరు వేయడం చూడలేదు. 2016లో కేంద్రం ఆమోదముద్ర వేసింది.

ఆ కాగితాల్లో మన ఎర్రనేల ఒడీ కాదు, బడీ కాదు. వర్షాధారం, ఒంటి పంట, అసైన్డ్, బీడు. పట్టాకొక రేటు, దళితుడికి సర్కారే ఇచ్చిన అసైన్డ్ భూమికి ఇంకో రేటు. ఇచ్చినప్పుడు భూమే. తీసుకునేటప్పుడు మాత్రం ‘మేమిచ్చిందే కదా.’

ధర ఎలా కడతారో తెలుసా సారూ? మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, ఆ ధర తయారు చేసేది మీరే. 2013 భూసేకరణ చట్టం చాలా మర్యాదగానే ఉంటుంది. చుట్టుపక్కల మూడేళ్లలో రిజిస్టరైన దస్తావేజులు చూడాలి, సర్కారు మార్కెట్ విలువ చూడాలి, ఏది ఎక్కువైతే అది పట్టుకుని హెచ్చవేయాలి, దాని మీద నూటికి నూరు సొలేషియం (ఊరట సొమ్ము) కట్టాలి. బాగుంది. అయితే దస్తావేజు మీద రాసే ధర వేరు, చేతులు మారే ధర వేరు అని సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు చాయ్ పోసే పిల్లవాడికి కూడా తెలుసు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని మీరు తక్కువ రాయించిన ఆ అంకె, పక్క ఊళ్లో ఒక ముసలవ్వ ఎకరానికి ఖరీదై కూర్చుంటుంది. మీకు మిగిలింది నాలుగు డబ్బులు. ఆమెకు పోయినదాన్ని ఏ దస్తావేజులోనూ రాయరు.

అసలు ఆ చట్టం కూడా సర్కారుకు బరువైంది. సామాజిక ప్రభావ అధ్యయనమట, భూమి లేని కూలీకి కూడా పునరావాసమట, ఎన్ని చిక్కులు! 2015 జూలైలో 123 నంబరు జీవో తెచ్చారు. రైతు తనంతట తాను సంతోషంగా అమ్ముతాడు, సర్కారు సంతోషంగా కొంటుంది, చట్టంతో పని లేదు. కూలీ సంగతి? అతనికి భూమి లేదు కాబట్టి అమ్మేదేం లేదు, అమ్మేదేం లేదు కాబట్టి పోయేదేం లేదు. తర్కంలో వేలు పెట్టే సందు లేదు. అప్పటి మెదక్ జిల్లా వ్యవసాయ కూలీలు హైకోర్టుకెక్కితే 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. సర్కారు అప్పీలుకు పోయింది, కొత్త జీవోలు తెచ్చింది, చివరికి కేంద్ర చట్టానికే రాష్ట్రం తరఫున సవరణ చేసుకుంది. కూలీ గెలిచిన కేసులకు మన దగ్గర ఎప్పుడూ రెండో భాగం ఉంటుంది.

ఆ తర్వాత 2022లో నిమ్జ్ నేలలోనే యల్గోయి దగ్గర 511 ఎకరాల్లో రక్షణ సామగ్రి ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టారు. అదే ఏడు బర్దీపూర్‌లో పర్యావరణం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, పోలీసు పహరా మధ్య. అభిప్రాయం అనేది అంత ప్రమాదకరమైన వస్తువని నాకు అప్పుడే తెలిసింది. ఫ్యాక్టరీలంటే జహీరాబాద్‌కు కళ్లమంట అనుకునేరు. ఆల్విన్ నిస్సాన్ కాలం నుంచి చూస్తున్నాం, ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు చూస్తున్నాం. చెరుకు ఫ్యాక్టరీ పొగ కూడా పీల్చాం. మా పేచీ పొగగొట్టంతో కాదు.

2024 ఆగస్టు 28న కేంద్ర క్యాబినెట్ జహీరాబాద్‌కు పారిశ్రామిక స్మార్ట్ సిటీ ఇచ్చింది. తొలి విడత 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు, 1.74 లక్షల ఉద్యోగాలు. నేను కూడా మీలాగే క్యాలిక్యులేటర్ తీశాను. ఎకరానికి యాభై మూడు ఉద్యోగాలు, కొంచెం పైనే. గుంటకు ఒకటిన్నర కన్నా తక్కువ, కానీ గుంటకు ఒక ఉద్యోగమైతే ఖాయం. విత్తనం వేస్తే చాలు, మొలకెత్తి ఐడీ కార్డు మెడలో వేసుకుని బయటికొస్తాయి.

ఎకరానికి అన్ని పంటలు పండవని ఎవరైనా అంటే పస్తాపూర్ వైపు తీసుకెళ్లండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని 1983 నుంచీ ఉంది. పి.వి. సతీష్ అనే మనిషి, ఆయన వెంట, కాదు, ఆయన ముందు, ఈ ఊళ్ల దళిత మహిళల సంఘాలు. వాళ్లు ఒకే ఎకరం ఎర్రచెల్కలో ఇరవై రకాల దాకా కలిపి వేస్తారు. పచ్చజొన్న, కొర్ర, సామ, తైద, సజ్జ. నడుమ కంది, పెసర, అనుము, బొబ్బర, ఉలవ. గట్టున నువ్వు, పుంటికూర. నీళ్లు అడగవు, సంచి ఎరువు అడగవు, బ్యాంకు మేనేజరును అడగవు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి ఇంటికొస్తుంది. విత్తకుండా మొలిచేవి వేరే. జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలి, గునుగు. మీ శ్రీగంధం వెంచర్ వాడు వీటిని కలుపని మందు కొట్టిస్తాడు. సంఘం అవ్వ ఒళ్లో వేసుకుని రాత్రికి పప్పులో కలుపుతుంది.

ఆమె ఇంట్లో విత్తనాల బుట్ట చూపించమనండి ఒకసారి. ఈత బుట్ట. లోపలా బయటా ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తిన పూత, బొటనవేలి గీతలు కనబడతాయి. అడుగున వేపాకు, పైన బూడిద, నడుమ గింజ, మళ్లీ బూడిద. మూతికి కూడా మట్టే. బుట్టను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడును బట్టి గింజ ఎండిందో లేదో చెప్పేస్తుంది. “గిదాంట్ల పాతిక తీర్ల ఇత్తునాలున్నయి సారూ, నువ్వేమో మా భూమి బీడంటివి” అంటుంది. అన్నది మీరు కాదు, కాగితం. కానీ ఆమెకు కాగితమూ మీరూ ఒకే కారులో వచ్చినట్టు కనిపిస్తారు, అదొక్కటే ఆమె పొరపాటు. అసలు పొరపాటేనా అని కూడా నాకు అనుమానమే.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మీ వంటింట్లోకి కొర్రలు గాజు సీసాలో వచ్చాయి. ఆ ఏడు మార్చిలోనే సతీష్ కన్నుమూశారు. 2019లో ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2008 నుంచీ మాచ్‌నూర్‌లో పల్లె ఆడవాళ్లు సొంత రేడియో నడుపుతున్నారు. ఈ ముచ్చట్లేవీ బ్రోచరులో ఉండవు. బ్రోచరులో క్లబ్‌హౌస్ ఉంటుంది, దానికి ‘మిల్లెట్ కెఫే’ అని పేరు కూడా పెడతారు.

అంటే లెక్క ఇలా తేలింది. ఎకరం ఆమె చేతిలో ఉన్నంతసేపు బీడు. సర్కారు చేతిలో పడగానే ఎకరానికి యాభై మూడు ఉద్యోగాలు. ఏజెంటు చేతిలో పడగానే ప్రకృతి ఒడి. మట్టి మారలేదు, చేయి మారింది. ఇరవై పంటలు కళ్లముందు పండిస్తే నమ్మని పెద్దలు, కంటికి కనబడని యాభై మూడింటిని కళ్లు మూసుకుని నమ్మేశారు.

మీరు కూడా ఊరికే ఉండలేదులెండి. ఐదు గుంటలకు పాసుపుస్తకం రాగానే రైతయ్యారు. సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు 2018 మేలో మొదలైనప్పుడు సీజనుకు ఎకరాకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. గుంటకు నూట ఇరవై ఐదు. మీ ఐదు గుంటలకు 625 రూపాయలు టింగుమని ఫోనులో పడ్డాయి. స్క్రీన్‌షాట్ తీసి ‘ప్రౌడ్ ఫార్మర్’ అని పెట్టారు. పక్కన కౌలుకు మూడెకరాల అల్లం వేసినవాడి ఫోను మోగలేదు, ఎందుకంటే అతను రైతు కాదు, కేవలం సేద్యం చేస్తాడు. 2025 జనవరిలో పేరు మార్చి రైతు భరోసా చేశారు, సాగుకు పనికొచ్చే భూమికే ఇస్తామన్నారు. మీ శ్రీగంధం మొక్కలు బతికున్నాయా లేదా అన్న బెంగ మీకు మొట్టమొదటిసారి అప్పుడే పట్టుకుంది.

ప్రయాణం సంగతి చెప్పలేదు కదూ. మీది హైవే ప్రయాణం. ఊరివాళ్లది కాగితం ప్రయాణం. 2020 అక్టోబర్ 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చింది. ఒక్క మీట నొక్కితే భూమి మీ గుప్పిట్లో అన్నారు. నిజమే, ఎవరి గుప్పిట్లో అన్నది మీట నొక్కాకే తెలిసేది. పేరులో ఒక దీర్ఘం తప్పితే, సర్వే నంబరులో ఒక ‘అ’ మాయమైతే, మీసేవకు పోయి టీఎం-33 అనే సవరణ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. తప్పు చేసిన కంప్యూటర్ కదలదు, తప్పు చేయని మనిషే కదలాలి. ఊరి నుంచి మండలానికి, మండలం నుంచి జహీరాబాద్‌కు, అక్కడి నుంచి సంగారెడ్డి కలెక్టరేట్‌కు. పొద్దున జొన్నరొట్టె మూట కట్టుకుని బయల్దేరితే, ‘సారు మీటింగ్‌ల ఉన్నడు’ అన్న మాట విని పొద్దుగూకి ఇల్లు చేరడం. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. బోర్డు మారింది, దారి అదే.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. చాలా మంచి పని, నేను వెక్కిరించను. కానీ ఉచిత ప్రయాణానికి టికెట్ సున్నా ఉంటే సరిపోదు, బస్సు సున్నా కాకుండా ఉండాలి. లోపలి ఊరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తే పండుగ. మిగతా పొద్దంతా ఆటో, అందులో ముందు సీటు డ్రైవరుకు ఒక తుంట మాత్రమే దొరుకుతుంది. ఆ ఆటోవాడికి ఉచిత పథకం లేదు. వికారాబాద్ నుంచి పర్లీ వైపు పోయే రైలు మార్గం ఊరి పక్కనే ఉంది. ఆ పట్టాల మీద రైలు పోవడం పిల్లలు రోజూ చూస్తారు, చేతులూపుతారు. ఎక్కడం వేరే సంగతి.

ఒక్క ప్రయాణం మాత్రం ఇక్కడ ఎవరి అనుమతీ అడగదు. సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, బండి నిండా విత్తనాల బుట్టలు పేర్చి, ఊరి నుంచి ఊరికి నెల రోజులు తిరుగుతారు. ప్రతి ఊళ్లో ఆగి, ఏ గింజ పోయింది, ఏ గింజ మిగిలింది, ఎవరి దగ్గర దొరుకుతుందని మాట్లాడుకుంటారు. ఆ బండి పోవాలంటే బండ్లబాట ఉండాలి.

అక్కడే మీ గేటు ఉంది.

మీకు తెలియకపోవచ్చు. వెంచర్ వాడు ప్రహరీ కట్టేటప్పుడు బాటను కూడా లోపలికి తీసుకుని గజాల్లో కలిపేశాడు. నక్షాలో బాట ఉంది, తాతల కాలం నాటిది, చుక్కల గీతతో సహా. నేల మీద మాత్రం దాని పేరు ఇప్పుడు ‘అవెన్యూ–2’, రెండు పక్కలా రాయల్ పామ్ చెట్లు. బాట అవతల ఇంకా అమ్మనివాళ్ల చేన్లున్నాయి. అమ్మకపోతే నడవలేరు, నడవలేకపోతే అమ్ముతారు. ఏజెంటు ఓపికగా ఉన్నాడు, ఆయనకు బిర్యానీ ఖర్చు తప్ప పోయేదేం లేదు. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టారు. సర్వేయరు వస్తాడన్నారు. సర్వేయరు వచ్చాడు కూడా, గేటు దగ్గర లోపలికి పోవడానికి అనుమతి లేదంటే వెనక్కి పోయాడు.

మొన్న ఒకామె కొడవలి, నీళ్ల సీసాతో అదే గేటు ముందు నిలబడింది. వాచ్‌మన్ ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రవాడు, డ్యూటీ మనిషి, తప్పు పట్టడానికి లేదు. ఆధార్ అడిగాడు. చూపించింది. విజిటర్స్ రిజిస్టర్ ముందు పెట్టాడు. ఆమెకు రాయడం రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా అటుగా వచ్చిన ఆటోడ్రైవరు కూర్చుని గడులు నింపాడు.

“ఏ ఊరు అవ్వా?”

“గిదే ఊరు.”

“వచ్చిన పని?”

“కలుపు.”

“ఎవలను కలవాలె?”

“కందిని.”

డ్రైవరు అలాగే రాశాడు. వాచ్‌మన్ అది చదవలేక, కంది సార్ ఏ ప్లాటులో ఉంటారో కనుక్కుందామని ఆఫీసుకు ఫోన్ చేశాడు.